సుధ పూసిన ఇల్లు

సౌధమను మాట వినగానే ఏడంతస్తుల రాజగృహము మన కన్నుల ముందు నిలుచును. కాని ఆ మాట పుట్టినది అంతస్తుల నుండి కాదు, సున్నము నుండి. సంస్కృతమున సుధ యనగా అమృతము. సుధ యనగా సున్నమును. సుధ పూసిన ఇల్లు సౌధము. ఆ లెక్కను వెల్ల వేసిన పెంకుటిల్లు సౌధమే. కోట్లు పోసి కట్టిన అద్దాల మేడ కాదు!

ఈ వ్యుత్పత్తిని జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. కోనసీమలోను కృష్ణాతీరమునను మండువా లోగిళ్లు ఇంకను అక్కడక్కడ నిలిచియున్నవి. పిల్లలు దూరదేశములందు, ఇంట మిగిలినది వృద్ధదంపతులు, స్వల్పమైన పింఛను. వీధిగోడ గార రాలి ఇటుక బయటపడినది. మేస్త్రీని పిలిచినచో, "సిమెంటు మెత్తేసి రంగు కొట్టిద్దామండి; లేదంటే పడగొట్టి కట్టుకోండి" అనును. మొదటిది రెండవదానికి దారి తీయునని మాత్రము చెప్పడు.

ఆ గోడలు గానుగ సున్నముతో కట్టినవి. ఎద్దు త్రిప్పిన గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నమది; కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చుటయు కలదు. అట్టి గోడ నేలలోని చెమ్మను పీల్చును, ఎండకు విడిచివేయును. పైన సిమెంటు మెత్తి ప్లాస్టిక్ రంగు పూసినచో చెమ్మకు వెలుపలికి దారి మూసికొనిపోవును. అది లోపలనే నిలిచి ఇటుకను మెత్తబరచును. ఉప్పు పొంగి, కొన్ని వానకాలములకే పూత పొక్కులు లేచి పలకలుగా ఊడును. ఊడుచు ఇటుక మొగమును గూడ పెరికికొనిపోవును. సిమెంటు చెడ్డదని కాదు, దాని చోటు వేరు. పోర్ట్‌లాండు సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు లభించినది 1824లో. 1591 నాటి చార్మినారును నిలిపినది సున్నమే గదా!

అయితే సున్నమునకు ముందు కప్పు చూడవలెను. పగిలిన పెంకు మార్పక గోడకు వెల్ల వేయుట దండుగ. పడగొట్టిన ఇండ్ల పెంకులు చౌకగా దొరకును. పగుళ్లలో రావిమొక్క మొలచినచో వేరుతో తీసి, ఆ సందు సున్నపుగారతో పూడ్చవలెను. కోసి విడిచిన మరల చిగిర్చును. రావిని తీయుటకు జంకువారు దానిని చెరువుగట్టున నాటుకొనవచ్చును.

ఇక వెల్ల. తొట్టిలో నీరు పోసి, కాల్చిన సున్నమును కొద్దికొద్దిగా వేసినచో కుతకుత ఉడికి విరియును. అప్పుడు కన్నులు జాగ్రత్త. పిల్లలను దగ్గరకు రానీయరాదు. రెండుమూడు దినములు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, కొంచెము తుమ్మబంకయు ఉప్పును కలిపి, తెలుపు తేరుటకు చిటికెడు నీలిమందు వేయుదురు. గార రాలిన చోట్లను సున్నము, ఇసుకలతోనే సరిచేసి, గోడను గోకి, తడిపి, పలుచగా మూడు పూతలు పూయవలెను. ఒకటి ఆరిన పిమ్మటనే మరియొకటి. చిక్కగా ఒక్క పూతతో ముగింపజూచినచో రాలి బట్టలకంటును. పూసినప్పుడు వెలవెలబోవును, ఆరినకొలది తెల్లనగును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నము మరల రాయిగా మారుటయే దాని బిగువునకు కారణము.

గోడ అడుగున మూరెడు ఎత్తు జేగురు పట్టె తీర్చినచో వాన చిందిన బురద కనబడదు. టేకు తలుపులకు పాత రంగు గీకి అవిసెనూనె పట్టించిన చాలును. గడపకు పసుపు ఉండనే ఉన్నది. కారు నిలుపుటకని అరుగు మాత్రము త్రవ్వింపకుడు. గోడ మొదటికి వాననీరు చేరకుండ కాచునది అదియే.

సున్నపు పని ఎరిగిన మేస్త్రీలు అరుదైపోయిరి. ముసలి మేస్త్రీ దొరికినచో ఒక కుర్రవానిని గూడ తోడు పెట్టుడు. కూలి కొంత హెచ్చగును గాని, వచ్చు మారు వెదకవలసిన పని యుండదు. అంతయు ఒక్కసారి చేయింపవలెనని లేదు. ధనుర్మాసపు చల్లదనమున, సంక్రాంతికి ముందు, ఈ ఏడు వీధిగోడ. పై ఏడు పెరటిగోడ.