అడవికి నిప్పు - ఊరికి ముప్పు

చంద్రగిరి: మాఘం దాటిందంటే శేషాచలం కొండల అంచు పల్లెలకు అగ్గి భయమే. 2014 మార్చిలో తిరుమల కొండల్లో అడవి అంటుకుంటే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అడవిలో నిప్పు చాలావరకు మనిషి చేతినుంచి పుట్టేదే. ఆర్పని బీడీ ముక్క, కొత్త గడ్డి మొలుస్తుందని కాపరి పెట్టే మంట చాలు. కింద రేగిన మంట వాలు వెంట పైకి పరుగెడుతుంది. గాలి తిరిగితే గడ్డివాముల మీదికి వస్తుంది.

ఎండలు ముదరకముందే అడవికీ ఊరికీ నడుమ ఎండుగడ్డి చెక్కి, మట్టి తేలేలా వెడల్పుగా బాట తీయాలి. రాలిన ఆకును మళ్లీ మళ్లీ ఊడ్చాలి. వాములు అడవి అంచున వేయరాదు. పొగ కనబడితే వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలి, 101కు ఫోన్ చేయాలి. అడవి కాలితే పోయేది ఎర్రచందనం ఒక్కటే కాదు, పశువుల మేత కూడా.