కూర్చుంటే ఎముకలూ కరుగుతాయి!

‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అన్న సామెత డబ్బు గురించి పుట్టిందే. కానీ మన ఒంటికీ అది అంతే చక్కగా సరిపోతుంది. ఎముక, కండరం, కీలు, రక్తనాళం.. వీటిలోని కణాలన్నీ తమ మీద పడే బరువునూ, లాగుడునూ, ఒత్తిడినీ నిరంతరం పసిగడుతుంటాయి. ఆ బరువు పడుతున్నంత కాలం బలంగా ఉంటాయి. అది ఆగిపోతే ‘ఇక మాతో పని లేదు కాబోలు’ అన్నట్టుగా తమను తామే తగ్గించుకుంటాయి. పెద్దవాళ్లకు కాస్త నలతగా ఉంటే చాలు, మంచం దిగనివ్వని ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

డెబ్భై ఏళ్లు దాటిన అమ్మ బాత్రూమ్‌లో జారి పడింది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదని తేలింది. కండరం బెణికింది, కొద్దిరోజులు మందులు వాడితే తగ్గుతుందన్నారు డాక్టర్. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఇక ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మొదలు. ‘నువ్వు లేవకమ్మా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం’ అని కొడుకు. ‘అత్తయ్యా, మీరు కదలొద్దు. ఏం కావాలన్నా నన్ను పిలవండి’ అని కోడలు. కాఫీ, టిఫిన్, భోజనం అన్నీ మంచం మీదే. నొప్పి వారానికే తగ్గిపోయింది. కానీ మూడు వారాల తర్వాత లేచి నిలబడబోతే కాళ్లు వణుకుతున్నాయి. నాలుగడుగులు వెయ్యాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోంది. ‘దెబ్బ లోపల ఇంకా ఉందేమో’ అని అందరికీ అనుమానం. నిజానికి దెబ్బ ఎప్పుడో మానింది. ఇప్పుడు బాధిస్తున్నది మంచం!

ఇలాంటి కథ మన చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో కనబడుతుంది. ఇందులో నిర్లక్ష్యం ఏమీ లేదు, ఉన్నదంతా ప్రేమే. కాకపోతే విశ్రాంతి అనేది కొద్దిరోజులు దాటితే మందు కాస్తా జబ్బుగా ఎలా మారుతుందో అర్థం కావాలంటే మన కణాల లోపల ఏం జరుగుతోందో ఒకసారి చూడాలి.

ఎముక.. రాయి కాదు

ఎముక అనగానే గట్టిగా, నిర్జీవంగా ఉండే కర్రలాంటిది గుర్తుకొస్తుంది. కానీ అది నిత్యం కూలుస్తూ, కడుతూ ఉండే ఇల్లు లాంటిది. ఒకవైపు కొన్ని కణాలు పాత ఎముకను కొద్దికొద్దిగా తొలిచేస్తుంటే, వాటి వెనకే మరికొన్ని కణాలు కొత్త ఎముకను పేరుస్తూ వస్తాయి. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంటుంది. మరి ఎక్కడ కట్టాలి, ఎక్కడ కూల్చాలి అనేది ఎవరు చెబుతారు? దాని మీద పడే బరువే చెబుతుంది. బరువు ఎక్కువ పడే చోట ఎముక దట్టంగా తయారవుతుంది, పడని చోట పలచబడుతుంది. జర్మనీకి చెందిన శస్త్రచికిత్స నిపుణుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సూత్రాన్ని పుస్తకంగా రాశారు. టెన్నిస్ ఆటగాళ్లలో రాకెట్ పట్టుకునే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా లావుగా ఉండటానికి కారణం ఇదే. తిండి ఒకటే, రక్తం ఒకటే. తేడా అల్లా పడుతున్న బరువులోనే.

బరువును కొలిచే కణం

ఎముక మధ్యలో చిన్న చిన్న గూళ్లలో ఆస్టియోసైట్లు అనే కణాలుంటాయి. ఎముకలోని కణాల్లో నూటికి 90కి పైగా ఇవే. ఇవి సన్నటి కాలువల్లాంటి దారుల గుండా తమ కొమ్మలను చాచి, పక్క కణాలను అందుకుంటూ ఒక వలలా అల్లుకుని ఉంటాయి. మనం ఒక అడుగు వెయ్యగానే కాలి ఎముక అతి స్వల్పంగా వంగుతుంది. మామూలు నడకలో ఈ మార్పు వెయ్యో వంతు కూడా ఉండదు. కానీ తడి స్పాంజిని నొక్కితే నీరు కదిలినట్టు, ఆ కాస్త వంపుకే సన్నటి కాలువల్లోని ద్రవం అటూ ఇటూ పారుతుంది. ఆస్టియోసైట్లు ఈ పారుదలను పసిగడతాయి. ‘బరువు పడుతోంది, ఇక్కడ గట్టిగా కట్టండి’ అని కబురు పంపుతాయి.

బరువు పడకపోతే? అప్పుడూ ఇవి ఊరుకోవు. స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. ఇది ఎముక నిర్మాణానికి బ్రేకు లాంటిది. బరువు పడినప్పుడు బ్రేకు వదులవుతుంది, మంచం మీద ఉన్నప్పుడు బిగుసుకుంటుంది. ఈ బ్రేకును అడ్డుకునేందుకు తయారుచేసిన రోమోసోజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను ఎముకలు తీవ్రంగా గుల్లబారిన వారి కోసం 2019లో అమెరికాలో అనుమతించారు. అంటే ఖరీదైన ఇంజెక్షన్ ఏ మీట మీద పనిచేస్తుందో, మనం వేసే అడుగు కూడా ఆ మీటనే తాకుతుందన్న మాట. అలాగని మందు అవసరమైన వారికి నడక ఒక్కటే సరిపోదు. మందు వాడుతున్నాం కదా అని నడక మానెయ్యటమూ సరికాదు.

అంతరిక్షం నేర్పిన పాఠం

బరువు పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో వ్యోమగాములే రుజువు. అంతరిక్ష కేంద్రంలో ఒంటి బరువు కాళ్ల మీద పడదు. దీంతో తుంటి లాంటి ఎముకల్లో నెలకు 1 నుంచి 1.5 శాతం సాంద్రత తగ్గిపోతుంది. భూమి మీద వయసు పైబడిన వారిలో అంత నష్టం జరగటానికి దాదాపు ఏడాది పడుతుంది. వాళ్లంతా ఎంపిక చేసిన దృఢమైన మనుషులే, తిండికీ లోటుండదు. అయినా రోజుకు సుమారు రెండు గంటలు కసరత్తు చేస్తే గానీ ఎముకలను కాపాడుకోలేరు. మంచం మీద నెలల తరబడి పడుకున్న మనిషి ఒక రకంగా అంతరిక్షంలో ఉన్నట్టే. తుంటి మీద, కాళ్ల మీద బరువు పడదు కదా!

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎముక లాగుడుకూ స్పందిస్తుంది. సైబీరియాలోని కుర్గాన్‌లో పనిచేసిన సోవియట్ వైద్యుడు గావ్రిల్ ఇలిజరోవ్ 1950లలో ఎముక చుట్టూ ఇనుప వలయాలు బిగించి, ఎముకను కోసి, ఆ రెండు ముక్కలనూ రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున నెమ్మదిగా దూరం జరిపే పద్ధతిని రూపొందించారు. ఆ ఖాళీలో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. పొట్టిగా ఉన్న కాలును పొడిగించటానికి మన ఆసుపత్రుల్లోనూ ఈ పద్ధతిని వాడుతున్నారు. మరీ వేగంగా లాగితే ఎముక ఏర్పడదు, మరీ నెమ్మదిగా లాగితే ముందే అతుక్కుపోతుంది. కణాలకు తగిన మోతాదులో బరువు కావాలి. మందుకు మోతాదు ఉన్నట్టే!

ఒక్క ఎముకే కాదు..

కండరం: ఎముక కన్నా ముందు కరిగేది ఇదే. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసు వారిని 10 రోజుల పాటు మంచం మీదే ఉంచి పరిశీలించిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. వారి కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గిపోయింది. వారికి జబ్బేమీ లేదు, చేసిందల్లా పడుకోవటమే. నొప్పి, జ్వరం, ఆకలి లేకపోవటం వంటివి కూడా తోడైతే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మృదులాస్థి: కీళ్లలో మెత్తగా ఉండే దీనికి రక్తనాళాలు ఉండవు. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, కాలు ఎత్తినప్పుడు విచ్చుకుంటూ చుట్టూ ఉండే కీలు ద్రవం నుంచి పోషకాలు తీసుకుంటుంది. కాబట్టి ‘మోకాళ్లు అరిగిపోతాయేమో’ అని నడక పూర్తిగా మానేస్తే మృదులాస్థికి తిండి పెట్టటం మానేసినట్టే. వెన్నుపూసల మధ్య డిస్కులదీ ఇదే తీరు. రాత్రి పడుకున్నప్పుడు ఇవి నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే మనం పొద్దున్నే సాయంత్రం కన్నా ఒక సెంటీమీటరుకు పైగా పొడవుగా ఉంటాం!

రక్తనాళం: లోపలి గోడను ఆనుకుని ఉండే కణాలు రక్తం పారే వేగాన్ని గ్రహిస్తాయి. ప్రవాహం చురుగ్గా సాగితే నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాన్ని వదులు చేస్తాయి. శరీరంలో ఈ వాయువు చేసే పనిని వెలికితీసిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి దక్కింది. కొవ్వు పూడికలు నాళాలు చీలే చోట, వంపుల దగ్గర ఎక్కువగా కనబడతాయి. ప్రవాహం సాఫీగా లేక సుడులు తిరిగేది అక్కడే. ఇక కాళ్లలోని సిరల సంగతికొస్తే రక్తాన్ని గుండె వైపు నెట్టే పంపు మన పిక్క కండరాలే. కదలిక లేకపోతే రక్తం నిలిచి, గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయమే.

చర్మం: ఇక్కడ సమస్య తలకిందులు. ఒకే చోట ఆగకుండా ఒత్తిడి పడితే సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి కణాలకు ప్రాణవాయువు అందదు. పిరుదుల పైభాగం, మడమల దగ్గర పుండ్లు పడేది అందుకే. పడుతూ, వదులుతూ ఉండే బరువు కణాలకు మేలు. కదలకుండా ఉండిపోయే బరువు చేటు.

కణానికి ‘స్పర్శ’ ఎక్కడిది?

కన్నూ చెవీ లేని కణం బరువును ఎలా గుర్తిస్తుందన్నది చాలాకాలం అంతుబట్టలేదు. అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో ఆర్డెమ్ పటాపూటియన్ బృందం సన్నటి గాజు గొట్టంతో కణాలను పొడుస్తూ, అవి స్పందించేలా చేస్తున్న జన్యువు ఏదో వెతికింది. అనుమానం ఉన్న 72 జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి చూస్తూ వెళ్తే చిట్టచివరికి ఒకదాన్ని ఆపగానే కణం పొడుపును గుర్తించలేకపోయింది. 2010లో ప్రకటించిన ఈ ప్రొటీన్‌కు ‘పీజో1’ అని పేరు పెట్టారు. గ్రీకులో ఒత్తిడి అని అర్థం. ఇది కణం పొర మీద ఉండే చిన్న తలుపు. పొర సాగితే తెరుచుకుని, క్యాల్షియం వంటి లవణ కణాలను లోపలికి వదులుతుంది. రక్తనాళాల్లోనూ, ఎముకల్లోనూ ఇది పనిచేస్తుంది. దీని జంట ‘పీజో2’ వల్లే మనం చేతి స్పర్శను, మూత్రాశయం నిండటాన్ని గుర్తించగలుగుతున్నాం. కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో చెప్పగలుగుతున్నాం. పటాపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

ఎంత కదిలితే సరిపోతుంది?

ఇక్కడ ఒక ఊరటనిచ్చే విషయం ఉంది. 1984లో వెలువడిన ఒక ప్రయోగంలో కోళ్ల రెక్క ఎముక మీద రోజూ కొన్నిసార్లు బరువు మోపి చూశారు. రోజుకు నాలుగుసార్లు మోపితేనే ఎముక నష్టం ఆగింది. 36 సార్లు మోపితే ఎముక పెరిగింది. ఏకంగా 1800 సార్లు మోపినా అంతకు మించి లాభం కనబడలేదు. అంటే కబురు అందటానికి గంటల తరబడి శ్రమ అక్కర్లేదు. కొద్దిసేపైనా రోజూ ఉండాలి, ఆ బరువు కణాలకు తెలిసేలా ఉండాలి. ఆదివారం ఒక్కరోజే పార్కులో రెండు గంటలు తిరగటం కన్నా రోజూ రెండుమూడు విడతలుగా కదలటం మేలన్నది ఇందుకే.

* పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక వంటివి, రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు చెయ్యాలన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. 65 ఏళ్లు దాటిన వారు వారానికి మూడు రోజులు శరీరం తూలకుండా నిలబెట్టే వ్యాయామాలనూ చేర్చుకోవాలి.

* మెట్లెక్కటం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవటం, గోడ పట్టుకుని మడమలెత్తటం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈత, సైకిల్ గుండెకు మంచివే గానీ ఎముక మీద బరువు తక్కువ. వాటికి తోడు నడకా ఉండాలి.

* పిల్లల్ని గెంతనివ్వండి. తొక్కుడుబిళ్ల, కబడ్డీ, తాడాట ఎముకకు మంచి బరువునిస్తాయి. ఎముక గరిష్ఠ దృఢత్వం ముప్ఫై ఏళ్లలోపే సమకూరుతుంది. ఆ తర్వాత ఉన్నది కాపాడుకోవటమే.

* మేస్త్రీ ఉన్నా ఇటుకలు లేనిదే గోడ లేవదు. పాలు, పెరుగు, రాగులు, పప్పులు, గుడ్లు, కాస్త ఎండ తప్పనిసరి.

పెద్దవాళ్లు మంచాన ఉంటే..

* డాక్టర్ దగ్గర ‘ఎన్ని రోజులు విశ్రాంతి?’ అన్న ప్రశ్నతో సరిపెట్టొద్దు. ‘ఎప్పటి నుంచి లేపి నడిపించాలి?’ అని కూడా అడగండి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేసినా, ఇబ్బందులేమీ లేకపోతే మర్నాడే నిలబెట్టటానికి ప్రయత్నిస్తున్నారు.

* లేవలేని వారు కూడా పడుకునే పాదాలను పైకీ కిందికీ ఆడించొచ్చు. పిక్క పంపు పనిచేస్తుంది.

* భోజనం మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి పెట్టండి.

* అస్సలు కదలలేని వారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి.

* ఒక పిక్క వాచినా, నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాచిన కాలిని మర్దన చెయ్యొద్దు.

* ఎముకలు గుల్లబారిన వారు గెంతటం, నడుము బాగా వంచి బరువులెత్తటం వంటివి చెయ్యకూడదు. వెన్నుపూస విరిగిన వారు, గుండె జబ్బులున్న వారు డాక్టర్, ఫిజియోథెరపిస్టు చెప్పిన మేరకే చెయ్యాలి.

చివరిగా జారిపడిన ఆ అమ్మ దగ్గరికే వద్దాం. కాఫీ మంచం దగ్గరికి తేవటం ప్రేమే. కానీ ‘అత్తయ్యా, నా చెయ్యి పట్టుకోండి, వంటింటి దాకా వెళ్లి అక్కడే తాగుదాం’ అనటం ఇంకా పెద్ద ప్రేమ. ఆ పది అడుగుల కబురు కోసమే లోపల కోట్లాది కణాలు చెవులు రిక్కించుకుని ఉంటాయి.