తలుపు వెనుక అతిథి
ఇంట్లో పిల్లులుండగా మరో పెద్ద పిల్లిని చేర్చుకోవడం ఎలా?

మా పక్కింటి ఖాలా గత చలికాలంలో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. కుమారులిద్దరూ దమ్మామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. జనాజా అయిన నాలుగవ నాడు పెద్దబ్బాయి ఇంటికి తాళం వేసి మా గుమ్మం ముందు ఆగాడు. "భాయ్, అమ్మీ పిల్లిని ఏం చేయాలో తోచడం లేదు. మార్కెట్ యార్డులో విడిచిపెడితే ఎలుకలు పట్టుకుని బ్రతకదా?" అని అడిగాడు.

ఐదేళ్ళుగా ఖాలా చేతి ముద్ద తిని, ఆమె మంచం మీదే నిద్రించిన ఆడపిల్లి అది. పేరు మఖ్మల్. కుక్కల గుంపుల మధ్య అది ఎన్ని రోజులు బ్రతుకుతుందో ఊహించడానికి కూడా మాకు మనస్కరించలేదు. "మా ఇంట్లోనే ఉంచుకుంటాము" అని మాట ఇచ్చాము. మరణించిన పొరుగింటి తల్లి విడిచివెళ్ళిన అమానతుగా దాన్ని భావించాము.

మాట ఇవ్వడం తేలిక. దాన్ని నిలబెట్టుకోవడానికి మాకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలలో మేము చేసిన పొరపాట్లు, నేర్చుకున్న విషయాలు ఇతర కుటుంబాలకు ఉపయోగపడగలవన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదటి సాయంత్రమే జరిగిన పొరపాటు

కర్నూలులోని మా పాత ఇంట్లో అప్పటికే రెండు పిల్లులున్నాయి. మోతీ ఏడేళ్ళ తెల్లని ఆడపిల్లి. షేరూ నాలుగేళ్ళ మగపిల్లి. అతిథి వస్తే ఇంటిల్లిపాదీ ఎదురేగి స్వాగతం చెప్పడం మనకు అలవాటు. పిల్లుల విషయంలో కూడా అలాగే చేశాము. మఖ్మల్ ఉన్న బుట్టను హాలు మధ్యలో పెట్టి మూత తీశాము. "చూడండి, మీకొక చెల్లెలు వచ్చింది" అని పిల్లలు సంబరపడ్డారు.

క్షణాలలో ఇల్లు రణరంగమైంది. షేరూ వెంటపడింది. మఖ్మల్ గోడకు నక్కి బుసకొట్టింది. మోతీ చెవి వద్ద గీరుకుపోయింది. వాటిని విడదీయబోయిన మా పెద్దబ్బాయి చేతిని ఏ పిల్లి కరిచిందో కూడా తెలియలేదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి రేబిస్ టీకా వేయించాము. పిల్లి కాటును చిన్న గాయమని ఉపేక్షించరాదు. పెంపుడు పిల్లే కదా అని పసుపు అద్ది ఊరుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఆ రాత్రి మఖ్మల్‌ను సామాన్ల గదిలో పెట్టి తలుపు మూశాము. మోతీ బీరువా పైకి ఎక్కి దిగలేదు. మరునాడు దాదీమా ఫజ్ర్ నమాజు కోసం లేచేసరికి ఆమె జానమాజ్ మీద షేరూ మూత్రం పోసి ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం హజ్ నుంచి తెచ్చుకున్న జానమాజ్ అది.

దాదీమా కోపగించుకోలేదు. జానమాజ్‌ను నీటిలో నానబెట్టి, చాలాసేపు మౌనంగా కూర్చుని, తర్వాత ఇలా అన్నారు: "ఆ అనాథ పిల్లిని బయటికి పంపమని నేననను. కానీ ఏడేళ్ళుగా ఈ ఇంటిని నమ్ముకున్న మోతీ చేసిన తప్పేమిటి? దాని హక్కు మాటేమిటి?"

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు. ఒక ప్రాణికి మేలు చేయబోయి మరో రెండు ప్రాణులను బాధపెట్టామని అప్పుడు గ్రహించాము.

పిల్లి దృష్టిలో ఇల్లంటే ఏమిటి?

మోతీ వరుసగా రెండు పూటలు ఏమీ తినకపోవడంతో పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన మొదట మమ్మల్ని మందలించారు, తర్వాత ఓపికగా వివరించారు.

మనం ఇంటిని కళ్ళతో గుర్తిస్తాము. పిల్లి ముక్కుతో గుర్తిస్తుంది. దాని బుగ్గలలో, నుదుటి మీద, అరికాళ్ళలో, తోక మొదట్లో వాసన గ్రంథులుంటాయి. అది తలుపు అంచులకు, కుర్చీ కాళ్ళకు, మన కాళ్ళకు బుగ్గలు రుద్దడం కేవలం ప్రేమతోనే కాదు. "ఇది నాకు పరిచయమైన చోటు" అని ముద్ర వేసుకోవడం కూడా అందులో ఉంది. అటువంటి ఇంట్లోకి హఠాత్తుగా పరాయి వాసన ప్రవేశిస్తే ఉన్న పిల్లులకు ఇల్లే పరాయిదైపోతుంది. కొత్తగా వచ్చిన పిల్లికైతే తనదంటూ ఒక్క మూల కూడా ఉండదు. పిల్లికూనలైతే కొంత త్వరగా కలిసిపోతాయి. పెద్ద పిల్లులకు అలవాట్లు స్థిరపడి ఉంటాయి కనుక ఎక్కువ సమయం పడుతుంది.

షేరూ జానమాజ్‌ను పాడుచేసింది పొగరుతో కాదని, భయంతోనని మాకు అప్పుడు అర్థమైంది. అందుకు దాన్ని కొట్టడం, ముక్కును నేలకు రాయడం వంటివి భయాన్ని పెంచుతాయే తప్ప అలవాటును మాన్పవు.

వైద్యుడు రెండు హెచ్చరికలు చేశారు. పిల్లి ఒక రోజుకు మించి ఏమీ తినకపోతే, ముఖ్యంగా అది బొద్దుగా ఉండే పిల్లి అయితే, కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదకరమైన వ్యాధి రావచ్చు. మగపిల్లి ఇసుక పళ్ళెంలో పదే పదే కూర్చుని ముక్కుతూ మూత్రం పోయలేకపోతుంటే అది మరింత అత్యవసరం. మూత్రమార్గం మూసుకుపోతే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు.

బంధించడం కాదా?

మఖ్మల్‌ను కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచమని వైద్యుడు సూచించారు. ఆ మాట వినగానే మా అమ్మాయి ముఖం వాడిపోయింది. మదరసాలో తాను విన్న హదీసును గుర్తుచేసింది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, దానికి తిండీ పెట్టక, నేలమీది పురుగూ పుట్రా తినడానికైనా విడిచిపెట్టక చంపి, ఆ కారణంగా శిక్షకు గురైందని మహాప్రవక్త (సఅసం) తెలిపిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. "మనం చేస్తున్నదీ అదే కదా అబ్బా?" అని అడిగింది.

పిల్ల అడిగిన ప్రశ్న సరైనదే. ఆ హదీసును మరోసారి శ్రద్ధగా చదివాము. ఆ స్త్రీ తలుపు మూసి, ఆ తలుపు వెనుక ఉన్న ప్రాణిని మరచింది. తలుపు మూసిన వారి మీద బాధ్యత తగ్గదు, రెట్టింపవుతుంది. కనుక ఆ గదిని చెరసాలగా కాక అతిథి గదిగా మార్చాలని నిశ్చయించాము. కిటికీ దగ్గర ఎత్తుగా కూర్చోవడానికి ఒక పెట్టె, దాక్కోవడానికి బోర్లించిన అట్టపెట్టె, నీళ్ళు, తిండి, వాటికి దూరంగా ఇసుక పళ్ళెం ఏర్పాటు చేశాము. ఖాలా ఇంటి నుంచి ఆమె పాత దుప్పటిని తెచ్చి పరిచాము. తనకు తెలిసిన వాసన అదొక్కటే. మఖ్మల్ ఆ దుప్పటి మీద చుట్టుకుని పడుకున్న దృశ్యం చూసి దాదీమా కళ్ళు తుడుచుకున్నారు. ప్రతి నమాజు తర్వాత మాలో ఎవరో ఒకరు ఆ గదిలో కాసేపు కూర్చునేలా వంతులు వేసుకున్నాము.

ఈ ఏకాంతం వల్ల ఆరోగ్యపరమైన మేలు కూడా ఉంది. కొత్త పిల్లికి ఏదైనా అంటువ్యాధి ఉంటే ఆ సమయంలో బయటపడుతుంది. రేబిస్ టీకా, పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియాకు టీకా వేయించి, నులిపురుగుల మందు తాగించాము. పిల్లుల మధ్య సంక్రమించే రెండు వైరస్‌ల కోసం రక్తపరీక్ష చేయించాము. శస్త్రచికిత్స జరగని మగపిల్లులు పోట్లాటలకు దిగడం, గోడల మీద మూత్రం చిమ్మడం ఎక్కువ. అయితే సంతాన నిరోధక శస్త్రచికిత్స విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. కనుక వైద్యుణ్ణి, మీరు నమ్మే ఆలిమ్‌నూ సంప్రదించి నిర్ణయించుకోవడం ఉత్తమం.

మెట్టు మెట్టుగా పరిచయం

మొదటి మెట్టు వాసన. శుభ్రమైన మెత్తని గుడ్డతో మఖ్మల్ బుగ్గలు తుడిచి మోతీ, షేరూ తినే చోట పెట్టాము. వాటి గుడ్డలను మఖ్మల్ గదిలో ఉంచాము. తొలిరోజు షేరూ ఆ గుడ్డను చూసి బుసకొట్టింది. ఐదవ రోజుకు దాని పక్కనే నిశ్చింతగా తినసాగింది.

రెండవ మెట్టు భోజనం. మూసిన తలుపుకు ఇరువైపులా కాస్త దూరంలో గిన్నెలు పెట్టి, అన్నీ ఒకే వేళకు తినేలా చేశాము. రోజూ కొద్దికొద్దిగా గిన్నెలను తలుపుకు దగ్గరగా జరిపాము. ఏ పిల్లి అయినా తినడం మానేసి తలుపు వైపు కొరకొరా చూస్తే మళ్ళీ వెనక్కి జరిపేవారము. పరాయి వాసన వచ్చినప్పుడల్లా ఇష్టమైన తిండి దొరుకుతుందని వాటికి తెలియాలి. ఉడికించిన కోడిమాంసం, ఎముకలు తీసిన చేప ఇందుకు బాగా పనికివచ్చాయి. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి కలపరాదు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మంచినీళ్ళే మేలు.

మూడవ మెట్టు స్థలమార్పిడి. రోజుకొక గంట మోతీని, షేరూను ఒక గదిలో ఉంచి, మఖ్మల్‌ను ఇల్లంతా తిరగనిచ్చాము. ఎదురుపడకుండానే అవి ఒకదాని జాడను మరొకటి తెలుసుకున్నాయి.

నాలుగవ మెట్టు చూపు. పదహారవ రోజున గది గుమ్మానికి ఇనుప జాలీ బిగించాము. తొలిచూపులు రెండు మూడు నిమిషాలకు మించనివ్వలేదు. బుసకొట్టడం తప్పు కాదు. "దూరంగా ఉండు" అని చెప్పే భాష అది. చెవులు వెనక్కి అణచి, ఒళ్ళు బిగించి, కన్నార్పకుండా చూడటమే పోట్లాటకు సూచన. అటువంటప్పుడు మధ్యలో అట్టముక్క అడ్డుపెట్టి చూపు మళ్ళించాలి. చేతులు అడ్డుపెట్టరాదన్న పాఠం మా అబ్బాయి అప్పటికే నేర్చుకున్నాడు.

ఇరవై ఐదవ రోజున జాలీ తీసి పది నిమిషాలు కలవనిచ్చాము. ముప్పయ్యవ రోజున షేరూ మళ్ళీ వెంటపడింది. మేము నిరాశపడకుండా ఒక మెట్టు వెనక్కి దిగి, నాలుగు రోజులు జాలీ దగ్గరే ఆగాము. వెనక్కి దిగడం ఓటమి కాదు. పిల్లి తన గడువును తానే నిర్ణయించుకుంటుంది. తొందర మనది, భయం వాటిది.

ఇంటిని వాటికి తగినట్లు దిద్దుకోవడం

మూడు పిల్లులకు నాలుగు ఇసుక పళ్ళేలు ఉండాలన్నది పశువైద్యులు చెప్పే సాధారణ సూత్రం: ఎన్ని పిల్లులో అన్ని, మరొకటి అదనం. అన్నీ ఒకే చోట వరుసగా పెడితే ఫలితం ఉండదు. బలమైన పిల్లి దారికి అడ్డంగా కూర్చుంటే మిగిలినవి మరో మూల వెతుక్కుంటాయి. నీళ్ళ గిన్నెలు, ఎత్తైన చోట్లు కూడా వేర్వేరుగా ఉండాలి. ఇసుకను రోజూ శుభ్రం చేయాలి. గర్భిణీ స్త్రీలు ఆ పని చేయరాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల గర్భస్థ శిశువుకు హాని కలగవచ్చు.

మనం శుభ్రతకు వాడే ఫినాయిల్‌లో పిల్లులకు విషతుల్యమైన పదార్థాలు ఉండవచ్చు. అవి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటాయి కదా! అలాగే పారాసెటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకం. జ్వరమని ముక్క విరిచి కూడా వేయరాదు.

ఇక పరిశుద్ధత విషయం. పిల్లి మూత్రం అశుద్ధమే. గుడ్డను శుభ్రంగా కడగవలసిందే. కానీ పిల్లి తాకినంత మాత్రాన, నీళ్ళు త్రాగినంత మాత్రాన అశుద్ధం కాదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకుంటుండగా పిల్లి వస్తే, అది త్రాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచారు. ఆశ్చర్యంగా చూసిన కోడలు కబ్షాకు, పిల్లి అశుద్ధమైనది కాదని, అది మన చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటని మహాప్రవక్త (సఅసం) చెప్పినట్లు తెలిపారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. దాదీమా జానమాజ్‌ను సబ్బుతో పలుమార్లు కడిగి, వెనిగర్ కలిపిన నీటిలో జాడించి, ఎండలో ఆరవేశాము. వాసన మిగిలితే పిల్లి మళ్ళీ అదే చోటికి వస్తుంది. ఇప్పుడది తలుపున్న అలమారాలో భద్రంగా ఉంటోంది.

నేడు మా ఇల్లు

ఆరు వారాల తర్వాత ఆ గది తలుపు శాశ్వతంగా తెరిచాము. మూడు పిల్లులూ ఒకదానినొకటి నాకుతూ, ఒకే చాప మీద పడుకుంటాయని ఎవరైనా ఊహిస్తే అది నిజం కాదు. షేరూ, మఖ్మల్ అప్పుడప్పుడు ఆడుకుంటాయి. మోతీ మాత్రం దాన్ని చూసి మెల్లగా లేచి మరో కిటికీకి వెళ్ళిపోతుంది. అయితే మూడూ కడుపునిండా తింటున్నాయి, భయం లేకుండా నిద్రిస్తున్నాయి. స్నేహం చేయమని వాటిని మనం శాసించలేము. ఒకే కప్పు కింద నిశ్చింతగా బ్రతికే వీలు కల్పించడమే మన వంతు.

పిల్లిని సంచిలో వేసి ఊరవతల విడిచిరావడం మన సమాజంలో మామూలు విషయమైపోయింది. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, ఆ మూగప్రాణి గురించి ప్రశ్నించబడే దినం ఒకటుందని విశ్వసించేవారము మనము. అనాథగా మిగిలిన పిల్లిని చేరదీయదలచిన సోదర సోదరీమణులు దానికొక గదిని, ఉన్నవాటి హక్కుకు రక్షణను, కొన్ని వారాల సహనాన్ని ముందే సిద్ధం చేసుకోవాలని మా మనవి.

మొన్న దమ్మామ్ నుంచి ఖాలా కుమారుడు వీడియో కాల్ చేశాడు. దాదీమా ఒడి పక్కన మఖ్మల్ పడుకుని ఉంది. అతడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అమ్మీ దుప్పటి ఇంకా అక్కడే ఉందా?" అని మాత్రం అడిగాడు. ఉందని చెప్పాము. కరుణ చూపే హృదయాలను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.