కాన్పు తేదీకి లెక్క ఎక్కడ మొదలు?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో గర్భవతి ఉంటే, ఆమె ఆస్పత్రి కార్డు మీద కాన్పు తేదీ రాసి ఉండటం చూసే ఉంటారు. ఇంకా ఆరేడు నెలల తరువాత జరగబోయే సంగతిని డాక్టరు తేదీతో సహా ఎలా చెప్పగలిగారు? ఆ లెక్క మీరూ చెయ్యగలరు. కూడిక, తీసివేత వస్తే చాలు.

తల్లి అండంతో తండ్రి శుక్రకణం కలిసినప్పుడు బిడ్డ పెరుగుదల ఆరంభమవుతుంది. దీనినే ఫలదీకరణ అంటారు. లెక్క అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు కదా అంటారా? ఆ కలయిక శరీరం లోపల ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. విడుదలైన అండం దాదాపు ఒక రోజు మాత్రమే బతుకుతుంది. శుక్రకణాలు తల్లి శరీరంలో అయిదు రోజులదాకా ఉండగలవు. కాబట్టి ఫలదీకరణ ఏ రోజున జరిగిందో తల్లి కూడా కచ్చితంగా చెప్పలేదు. ఆమె చెప్పగలిగినది చివరిసారి నెలసరి మొదలైన తేదీ. అందుకే వైద్యులు ఆ రోజునుంచే లెక్కిస్తారు.

అక్కడినుంచి 280 రోజులకు, అంటే 40 వారాలకు కాన్పు తేదీ వస్తుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ప్రసూతి వైద్యం బోధించిన ఫ్రాంజ్ నేగెలె (1778-1851) పేరుతో దీనికొక సులువైన సూత్రం ఉంది: మూడు నెలలు వెనక్కి వెళ్ళండి, ఏడు రోజులు కలపండి. ఉదాహరణకు, నెలసరి జూన్ 10న మొదలైందనుకోండి. మూడు నెలలు వెనక్కి వెళితే మార్చి 10. ఏడు కలిపితే మార్చి 17. మరుసటి సంవత్సరం మార్చి 17 కాన్పు తేదీ అన్నమాట.

ఇందులో ఒక తమాషా ఉంది. నెలసరి 28 రోజులకొకసారి వచ్చేవారిలో అండం దాదాపు 14వ రోజున విడుదలవుతుంది. అంటే లెక్కలోని మొదటి రెండు వారాలూ కడుపులో బిడ్డే లేదు! అవి తీసేస్తే మిగిలేవి 266 రోజులు. చాంద్రమాన మాసానికి సుమారు 29½ రోజులు. తొమ్మిదితో హెచ్చవేసి చూడండి. ‘నవమాసాలు మోసింది’ అన్న మాటకు ఎంత దగ్గరగా ఉందో!

అయితే అందరికీ 28 రోజుల లెక్క సరిపోదు. నెలసరి 35 రోజులకొకసారి వచ్చే స్త్రీకి అండం సుమారు 21వ రోజున విడుదలవుతుంది. ఆమె కాన్పు తేదీకి మరో వారం కలపాలి. ఈ తేడాలు చిన్నవేమీ కావు. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా తయారై ఉండకపోవచ్చు. 42 వారాలు దాటితే బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందించే మాయ సరిగా పనిచెయ్యకపోవచ్చు. లెక్క మూడు వారాలు తప్పితే, నెలలు నిండని బిడ్డను నిండిన బిడ్డగా పొరబడే ప్రమాదం ఉంది.

ఈ చిక్కు తీర్చడానికి మన చెవికి వినిపించని శబ్దం తోడ్పడింది. లోహాలలో పగుళ్ళు కనిపెట్టడానికి కర్మాగారాలలో అతిధ్వనులను వాడేవారు. గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ అనే వైద్యుడు, తన సహచరులతో కలిసి, అదే పద్ధతిలో గర్భాన్ని పరీక్షించి 1958లో ఫలితాలు ప్రకటించాడు. 1973లో అదే నగరంలో హ్యూ రాబిన్సన్, పిండం తల నుంచి పిరుదుల వరకు ఉన్న పొడవును కొలిచి వయస్సు చెప్పవచ్చని చూపాడు. మొదటి మూడు నెలల్లో పిండాలన్నీ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి. 12 వారాలకు ఈ పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. అప్పుడు కొలిస్తే తేడా సాధారణంగా వారం లోపే. తరువాత ఒక బిడ్డ బొద్దుగా, మరొక బిడ్డ సన్నగా పెరుగుతారు. అప్పుడు కొలతను బట్టి వయస్సు చెప్పడం కష్టం.

ఇంత చేసినా, సరిగ్గా ఆ తేదీన పుట్టేవారు నూటికి సుమారు అయిదుగురే. పంచాంగంలో గ్రహణం వేళలా అది తప్పకుండా జరిగేది కాదు. తల్లినీ బిడ్డనూ ఎప్పుడు మరింత జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలో చెప్పే గుర్తు మాత్రమే.

అందుకే ఎవరైనా నెల తప్పితే, మొదటి మూడు నెలల్లోనే వైద్యులకు చూపించుకోమని చెప్పండి. అమ్మాయిలూ! నెలసరి మొదలైన రోజున క్యాలెండరు మీద చిన్న చుక్క పెట్టుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. మీ ఆరోగ్యాన్ని గమనించుకోవడానికి ఇప్పుడూ, వైద్యుల లెక్కకు రేపూ అది పనికొస్తుంది.