అక్షరముల దానపత్రము



విజయనగరమున వెలసిన గురజాడ అప్పారావుగారు 1915లోను, వంశధారాతీరమున పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు 1940లోను దివంగతులైరి. ఈ మహనీయుల పేర్లతో కంప్యూటరునకు పనికివచ్చు తెలుగు ఫాంటులు రెండు నేడు కలవు. సిలికానాంధ్ర సంస్థ వీనిని విడుదల చేసినది. ఎవ్వరైనను పైకమీయకయే వీనితో పుస్తకములు అచ్చువేసికొనవచ్చును.

‘కన్యాశుల్కము’ను సైతము నేడు ఎవ్వరైనను అచ్చువేయవచ్చును. ఐనను ఈ రెండు స్వేచ్ఛలును ఒక్కటి కావు. గురజాడవారి గ్రంథములపై కాపీరైటు, వారి మరణానంతరము ఏబది యేండ్లు నిలిచి, 1965తో ముగిసినది. అది కాలము ఇచ్చిన స్వేచ్ఛ. వారి పేరిటి ఫాంటుపై కాపీరైటు ఇంకను సజీవముగా నున్నది. హక్కుదారు అనుమతిపత్రము వ్రాసి యిచ్చుటచేతనే మనము దానిని వాడుకొనుచున్నాము. ఈ పత్రమునే లైసెన్సు అందురు.

మన 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో జరిగిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతులలో చేరినది. కృతి పుట్టినతోడనే హక్కు పుట్టును, రిజిస్ట్రీ అక్కరలేదు. ఇప్పటి నియమము ననుసరించి రచయిత మరణానంతరము అరువది యేండ్లు నిలుచును. కావున ఇంటర్నెట్టులో కనబడిన ప్రోగ్రామెల్ల మనకిచ్చినట్లు కాదు. వీధిగుమ్మము తెరచియున్నంత మాత్రమున ఇంటిలోని బిందె మనదగునా?

పై ఫాంటుల అనుమతిపత్రమునకు ఓపెన్ ఫాంట్ లైసెన్సు అని పేరు. దాని నియమములు సులభములు. ఫాంటును వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. దానినే ఒంటిగా అమ్మరాదు. హక్కుదారుని ప్రకటన తొలగింపరాదు. పేరు ప్రత్యేకించుకొనబడినచో, మార్చిన రూపమునకు వేరుపేరు పెట్టవలెను. మార్చిన ఫాంటును పంచునప్పుడు ఆ పత్రము క్రిందనే పంచవలయును. దానితో అచ్చైన పుస్తకము మాత్రము ఈ కట్టుబాటునకు లోబడదు.

ప్రోగ్రాములకు ఇట్టి పత్రములు ప్రధానముగా రెండు తెరగులు. ఎంఐటీ లైసెన్సు వంటివి, కర్త ప్రకటనను నిలిపినచాలు, తక్కినది నీ యిష్టమనును. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ వెలువరించిన జీపీఎల్ అట్లు గాదు. మన జిల్లాలో ఒక యువకుడు బియ్యపుమిల్లునకు లెక్కల ప్రోగ్రాము వ్రాసి, అందు జీపీఎల్ భాగమును కలిపెననుకొందము. దానికి వెల పుచ్చుకొనవచ్చును; కాని ఆ మిల్లు యజమానికి మూలకోడును, దానిని మార్చుకొను హక్కును, ఇతరులకిచ్చు హక్కును సైతము ఈయవలెను. ముందుగా చదువక రహస్యముగా నుంచుదునని ఒప్పుకొన్నచో, ఒక మాట తప్పక మరియొక మాట నిలుపలేడు.

మరియొక సంగతి. కొలువులో విధిగా వ్రాసిన ప్రోగ్రామునకు, వేరు ఒప్పందము లేనిచో, ప్రథమ హక్కుదారు యజమానియే. దానిని దానము చేయు అధికారము ఉద్యోగికి లేదు. తనది కాని భూమిని ధారపోసినవానికి పుణ్యము రాదు, వ్యాజ్యము వచ్చును.

మన పూర్వవ్యాఖ్యాతలు మూలమును చెక్కుచెదరనీయక, మూలకర్త పేరు ముందు నిలిపి, తమ మాట వేరుగా వ్రాసిరి. యువకులారా, మీ మార్గమును అదియే. ఇతరుల ప్రోగ్రాము తీసికొనకముందు దాని పత్రమును చదువుడు. మీ ప్రోగ్రామును లోకమునకు ఇయ్యదలచినచో, ఏ నియమముతో ఇచ్చుచున్నారో పత్రము జతపరచుడు. పత్రము లేని దానము, పుచ్చుకొనువానికి భయహేతువే యగును.