రెండు జెండాలు.. ఎన్నో సేనలు

అస్తూరియాస్ స్పెయిన్ ఉత్తరాన ఉన్న బొగ్గు గనుల సీమ. దాని ముఖ్య పట్టణం ఒవియెడోలో 1936 జులైలో సైన్యాధికారి కర్నల్ ఆంతోనియో అరాందా. స్పెయిన్ ప్రభుత్వానికి, అంటే రిపబ్లిక్‌కు నమ్మకస్తుడని ఆయనకు పేరు. స్పెయిన్ ఏలుబడిలోని మొరాకోలో సైన్యం ఆ ప్రభుత్వంపై తిరగబడిందన్న కబురు రాగానే గని కార్మికుల నాయకులతో మాట్లాడి, ఊరి భద్రత తాను చూసుకుంటానని నమ్మబలికాడు. వేలమంది కార్మికులు మాడ్రిడ్‌ను కాపాడటానికి తరలివెళ్లారు. వాళ్లు పొలిమేర దాటాక అరాందా తిరుగుబాటుదారుల పక్షాన జెండా ఎత్తాడు.

ఆ వారం స్పెయిన్ అంతటా జరిగింది దాదాపు ఇదే. ఎవరు ఎటువైపో ముందుగా రాసిపెట్టి లేదు. చాలాచోట్ల కర్నల్ ఎటు మొగ్గితే దండు అటు, దండు ఎటుంటే ఊరు అటు. బార్సిలోనాలో సివిల్ గార్డు దళాల కర్నల్ ఆంతోనియో ఎస్కోబార్ పరమ భక్తుడైన కేథలిక్. తిరుగుబాటుదారులు తమవాడనుకోదగ్గ మనిషి. ఆయన మాత్రం చేసిన ప్రమాణానికి కట్టుబడి ప్రభుత్వం పక్షాన నిలిచాడు. చర్చిలంటే మండిపడే అరాచకవాద కార్మికులూ ఆయన గార్డులూ భుజం భుజం కలిపి అక్కడ కుట్రను అణచేశారు. నౌకాదళంలో నావికులే అధికారులను పట్టి బంధించి చాలా ఓడలను రిపబ్లిక్‌కు దక్కించారు. దాంతో తిరుగుబాటు సేనానుల్లో ఒకడైన ఫ్రాంకో చేతిలోని అసలు బలం, యుద్ధాల్లో ఆరితేరిన ఆఫ్రికా సైన్యం, మొరాకో ఒడ్డున చిక్కుకుపోయింది. హిట్లర్ పంపిన జంకర్స్ విమానాలు, ముసోలినీ పంపిన విమానాలు ఆ సైనికులను జలసంధి దాటించి స్పెయిన్ చేర్చాయి. ఆ సాయమే అందకపోతే తిరుగుబాటు కొన్ని వారాల్లోనే చల్లారిపోయేదని నా నమ్మకం.

ఈ అంతర్యుద్ధాన్ని ఒకవైపు తిరుగుబాటు చేసిన జాతీయవాదులు, మరోవైపు రిపబ్లికన్లు అని పుస్తకాలు రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే ఏ పక్షమూ ఒక పక్షం కాదు.

ఫ్రాంకో వైపు ఎర్ర టోపీల కార్లిస్టులు ఉన్నారు. రాజవంశంలో మరో శాఖకే సింహాసనం దక్కాలని వందేళ్లుగా తిరుగుబాట్లు చేస్తున్న నవారా రైతుబిడ్డలు వాళ్లు. 1931లో దేశం విడిచిన రాజు ఆల్ఫోన్సోను మళ్లీ తేవాలనే రాచరికవాదులు వేరు. నీలి చొక్కాల ఫాలాంజి వాళ్లకు రాజులతో పనే లేదు. బ్యాంకులను జాతీయం చేస్తామనీ, భూములు పంచుతామనీ చెప్పే ఫాసిస్టులు వాళ్లు. ఆ పక్కనే తమ ఎకరాలు ఎక్కడ పోతాయోనని వణికే భూస్వాములు. క్రీస్తు కోసం చేస్తున్న పవిత్ర యుద్ధమని మతాధికారులు దీవించిన ఈ సేనకు ముందు నడిచినవాళ్లలో మొరాకో ముస్లిం సిపాయిలు వేలకు వేలు!

రిపబ్లిక్ వైపు గందరగోళం ఇంకా ఎక్కువ. అధ్యక్షుడు అసాన్యా లాంటి మధ్యతరగతి ఉదారవాదులు, తమలో తమకే పడని సోషలిస్టులు, మొదట్లో చిన్న పార్టీగా ఉన్న కమ్యూనిస్టులు, స్టాలిన్‌ను వ్యతిరేకించే మార్క్సిస్టుల పార్టీ పౌమ్, అసలు రాజ్యమే వద్దనే అరాచకవాదుల కార్మిక సంఘం సీఎన్‌టీ. వీళ్లందరికీ తోడు కతలాన్, బాస్క్ జాతీయవాదులు. బాస్కులు ఆదివారం ప్రార్థన తప్పనివాళ్లు. అయినా చర్చిలు తగలబెట్టినవాళ్ల పక్కన నిలిచి పోరాడారు. 1936 అక్టోబరులో రిపబ్లిక్ ఇచ్చిన స్వయంపాలనే వాళ్లకు ప్రాణం.

తిరుగుబాటు మొదలైన రోజుల్లో ప్రధాని హిరాల్ కార్మిక సంఘాలకు ఆయుధాలు పంచారు. అప్పటినుంచి ఏ పార్టీ దండు ఆ పార్టీదే. దుర్రుతి నాయకత్వంలో అరాచకవాదుల దళం అరగాన్‌కు కదిలింది. కమ్యూనిస్టులు క్రమశిక్షణకు పేరుపడిన అయిదో రెజిమెంటును నిలబెట్టారు. చాలా మిలీషియాల్లో సెల్యూట్లు లేవు, నాయకులను ఓటేసి ఎన్నుకునేవారు. ధైర్యానికి లోటు లేదు. కానీ బహిరంగ మైదానంలో ఆఫ్రికా సైన్యం ముందు ధైర్యం ఒక్కటే చాలలేదు. ఆ ఏడాది శరదృతువు నుంచి మిలీషియాలను 'మిక్స్‌డ్ బ్రిగేడ్లు'గా మార్చి, రాజకీయ కమిస్సార్లను పెట్టి, ప్రజాసైన్యాన్ని నిర్మించారు. రాజ్యం వద్దన్న అరాచకవాదులే నవంబరులో నాలుగు మంత్రి పదవులు తీసుకున్నారు. యాభైకి పైగా దేశాల నుంచి సుమారు 35 వేలమంది అంతర్జాతీయ బ్రిగేడ్లలో చేరారు. 1937 మార్చిలో గ్వాదలహారా దగ్గర ముసోలినీ పంపిన ఇటాలియన్లను ఓడించిన దళాల్లో ఇటలీ ఫాసిస్టు వ్యతిరేకులూ ఉన్నారు.

అయితే రిపబ్లిక్ వైపు ఒక తగవు మిగిలింది: యుద్ధం ముందా, విప్లవం ముందా? ముందు గెలుద్దాం, మిగతావి తర్వాత అన్నారు కమ్యూనిస్టులు. భూములూ ఫ్యాక్టరీలూ మావి కాకపోతే దేనికోసం చావాలని అడిగారు అరాచకవాదులు. రెండు మాటల్లోనూ నిజముంది. అందుకే ఆ తగవు తెగలేదు.

1937 వసంతంలో రెండు వారాలు చూస్తే చాలు, రెండు శిబిరాల తేడా కళ్లకు కడుతుంది. ఏప్రిల్ 19న ఫ్రాంకో ఒక్క ఆజ్ఞతో కార్లిస్టులనూ ఫాలాంజినీ కలిపి ఒకే పార్టీ చేశాడు. రాజీపడని ఫాలాంజి నేత ఎదియా జైలుకెళ్లాడు. పోటీ పడగల పెద్దలు అప్పటికే లేరు. తిరుగుబాటుకు అధినేత కావలసిన సాన్‌హుర్హో 1936 జులైలోనే విమాన ప్రమాదంలో పోయాడు. ఫాలాంజి స్థాపకుడు హోసే ఆంతోనియోకు రిపబ్లిక్ మరణశిక్ష అమలు చేసింది. ఏప్రిల్ 26న ఫ్రాంకో పక్షాన జర్మనీ కాండోర్ దళం, ఇటలీ విమానాలు కలిసి బాస్కుల పట్టణం గెర్నికాను బూడిద చేశాయి. ఇటు రిపబ్లిక్ వైపు, మే 3న బార్సిలోనాలో సీఎన్‌టీ చేతిలో ఉన్న టెలిఫోన్ కేంద్రాన్ని స్వాధీనం చేసుకోవడానికి కతలాన్ ప్రభుత్వ పోలీసులు వెళ్లారు. వీధుల్లో అడ్డుగోడలు లేచాయి. రిపబ్లిక్ మనుషులు రిపబ్లిక్ మనుషులనే కాల్చుకున్నారు. వందలమంది చనిపోయారు. పౌమ్ దళంలో సైనికుడిగా ఉన్న జార్జ్ ఆర్వెల్ అప్పుడు ఒక సినిమా హాలు పైకప్పు మీద తుపాకీతో కాపలా కాశాడు. ఆ నెలలోనే ప్రధాని లార్గో కాబాయెరో దిగిపోయాడు, నెగ్రిన్ వచ్చాడు. జూన్‌లో పౌమ్ నిషిద్ధమైంది. దాని నేత ఆంద్రెయు నీన్‌ను సోవియట్ ఏజెంట్లు ఎత్తుకెళ్లి చంపేశారు.

రిపబ్లిక్ తన కొట్లాటల వల్లే ఓడిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బ్రిటన్, ఫ్రాన్స్ 'జోక్యం చేసుకోం' అనే ఒప్పందంతో తలుపులు మూశాయి. జర్మనీ, ఇటలీ అదే ఒప్పందంపై సంతకం చేసి కూడా ఆయుధాలు పంపుతూనే ఉన్నాయి. ఇక రిపబ్లిక్‌కు పెద్దఎత్తున ఆయుధాలు అమ్మే దేశం సోవియట్ యూనియన్ ఒక్కటే మిగిలింది. 510 టన్నుల బంగారం మాస్కోకు వెళ్లింది. ఆయుధాల వెంట స్టాలిన్ పోలీసులూ వచ్చారు. బార్సిలోనా చీలికలో సగం పాపం లండన్, పారిస్‌లదే. 1938 జూన్‌లో కృష్ణ మీనన్‌తో కలిసి బార్సిలోనా వెళ్లి, బాంబుల మధ్య ఆ జనాన్ని చూసి వచ్చిన నెహ్రూ కూడా బ్రిటన్ విధానాన్ని గట్టిగా ఎండగట్టారు.

ఓటమి ముంచుకొచ్చాక, 1939 మార్చి 5న మాడ్రిడ్‌లో రిపబ్లిక్ సైన్యపు కర్నల్ కసాదో నెగ్రిన్ ప్రభుత్వంపై తిరగబడ్డాడు. కమ్యూనిస్టులను పక్కకు తప్పిస్తే ఫ్రాంకో గౌరవప్రదమైన సంధికి ఒప్పుకుంటాడన్నది ఆయన ఆశ. అరాచకవాద సేనాని సిప్రియానో మేరా, మితవాద సోషలిస్టు బెస్తేయ్‌రో ఆయనతో కలిశారు. రాజధాని వీధుల్లో మళ్లీ రిపబ్లికన్లే రిపబ్లికన్లను చంపుకున్నారు. సంధి మాత్రం కుదరలేదు. అంతకు ముందు నెలలోనే ఫ్రాంకో ఒక చట్టం తెచ్చాడు. 1934 అక్టోబరు నాటికి వెనక్కి వెళ్లి మరీ రాజకీయ నేరాలను లెక్కగట్టే చట్టం అది. దానిలో మితవాదికీ అతివాదికీ తేడా లేదు. సంధి కోరిన బెస్తేయ్‌రో 1940లో కార్మోనా జైల్లో కన్నుమూశాడు. కతలాన్ అధ్యక్షుడు కుంపాన్స్‌ను జర్మన్లు ఫ్రాన్స్‌లో పట్టి అప్పగిస్తే, ఆ ఏడాది అక్టోబరు 15న మోంజుయిక్ కోటలో కాల్చి చంపారు. అంతకు కొన్ని నెలల ముందు అదే కోటలో, 'సైనిక తిరుగుబాటు' చేశాడన్న నేరం మోపి, తిరుగుబాటులో చేరనందుకు ఎస్కోబార్‌ను కాల్చి చంపారు.