కారుతో కడలి దాటేవేళ

ఇంగ్లండు దక్షిణ తీరానికీ ఫ్రాన్సు ఉత్తర తీరానికీ నడుమ గల సముద్రభాగాన్ని ఇంగ్లీషు ఛానల్ అంటారు. ఫ్రెంచివారు దీనిని ‘లా మాంష్’ అని పిలుస్తారు. ఆ మాటకు చొక్కా చేయి అని అర్థం. పటం చూస్తే ఆ పేరు ఎంత సార్థకమో తెలుస్తుంది. పడమట అట్లాంటిక్ వైపు భుజం వలె వెడల్పుగా మొదలై, తూర్పున డోవర్, కాలే పట్టణాల దగ్గర మణికట్టు వలె సన్నబడుతుంది. ఆ ఇరుకు చోట రెండు దేశాల మధ్య దూరం సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కాలే తీరాన నిలిచినవారికి డోవర్ దగ్గరి తెల్లని సుద్దకొండలు కనిపిస్తాయి.

బ్రిటన్‌లో నివసించేవారిలో అనేకులు సెలవులు రాగానే సొంత కారులో ఐరోపా ఖండానికి బయలుదేరుతారు. కారు సముద్రం దాటాలంటే ఓడ ఎక్కాలి. ఇందుకోసం నిర్మించిన ఓడలనే కార్ల ఫెర్రీలు అంటారు. రెండు పడవలను జతచేసి, పైన బల్లలు పరిచి, వాహనాలను గోదావరి దాటించే పంటును చూసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. ఛానల్‌పై తిరిగే ఫెర్రీ అటువంటి పంటుకు మహారూపం. దాని పొట్టలో వందల కార్లు, బస్సులు, సరకుల లారీలు వరుసలుగా నిలుస్తాయి. పై అంతస్తులలో భోజనశాలలు, దుకాణాలు, దూరపు మార్గాల్లోనైతే పడకగదులు ఉంటాయి.

మొదట్లో ఈ ప్రయాణం ఇంత సులభంగా ఉండేది కాదు. రైల్వే సంస్థల ఓడలు కారును క్రేనుతో పైకెత్తి సరకు వలె దించేవి. రుసుము ఎక్కువ, కారుకు దెబ్బ తగులుతుందేమోనన్న దిగులు వేరే. ఆ ధరలు నచ్చని టౌన్‌సెండ్ అనే ఆంగ్లేయుడు 1928లో బొగ్గు రవాణాకు వాడే ఓడను అద్దెకు తీసుకొని డోవర్, కాలేల మధ్య కార్లను తక్కువ ధరకు దాటించడం మొదలుపెట్టాడు. అతని ఓడకూ క్రేనే ఆధారం. 1953లో డోవర్ తూర్పు రేవులో వాలు వంతెనలు ఏర్పడిన తరువాత యజమాని తన కారును తానే నడుపుకుంటూ ఓడలోనికి వెళ్ళే వీలు కలిగింది. నాటి నుంచి ఈ ప్రయాణం సామాన్య కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చింది. దానితోపాటు ఏ రేవు నుంచి, ఏ ఓడలో వెళ్ళాలన్న ప్రశ్న కూడా వచ్చింది.

ఈ ప్రశ్నకు చాలామంది తొందరపడి చెప్పే సమాధానం ఒకటుంది. సముద్రం ఎక్కడ ఇరుకో అక్కడ దాటడమే మేలని వారు భావిస్తారు. డోవర్ నుంచి కాలేకు ఓడ సుమారు గంటన్నరలో చేరుతుంది. ఓడలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఒకటి తప్పిపోతే మరొకటి దొరుకుతుంది. టిక్కెట్టు ధర కూడా పడమటి మార్గాల కంటె సాధారణంగా తక్కువ. ఇన్ని సుగుణాలున్నా, సముద్రంపై దగ్గరి దారి అన్ని వేళలా ప్రయాణంలో దగ్గరి దారి కాదు.

లండన్ నుంచి ఫ్రాన్సు వాయవ్య భాగంలోని బ్రిటనీకి వెళ్ళదలచిన ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. (బ్రిటన్ వేరు, బ్రిటనీ వేరు, పేర్లలోని పోలిక మాత్రం యాదృచ్ఛికం కాదు. ప్రాచీన కాలంలో బ్రిటన్ దీవి నుంచి వలసపోయినవారి వల్లనే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది.) ఆ ప్రాంతంలోని సెయింట్ మాలో అనే కోటగోడల పట్టణం వారి గమ్యం. వారు డోవర్ మార్గాన్ని ఎంచుకుంటే లండన్ నుంచి రేవుకు రెండు గంటలు, తనిఖీలకూ ఎక్కడానికీ గంటకు పైగా, సముద్రంపై గంటన్నర పడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని కాలేలో దిగిన తరువాత సెయింట్ మాలోకు ఇంకా 500 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తెల్లవారుజామున ఇల్లు విడిచిన డ్రైవరు, ఓడలో సరిగా విశ్రమించకుండానే, మరో ఐదారు గంటలు అలవాటు లేని రోడ్డుపై నడపాలి. బ్రిటన్‌లో వాహనాలు, భారతదేశంలో వలె, ఎడమవైపు నడుస్తాయి. ఫ్రాన్సులో కుడివైపు నడుస్తాయి. అలసిన కళ్ళకు ఈ మార్పు ప్రమాదకరం.

అదే కుటుంబం లండన్‌కు నైరుతి దిశలో ఉన్న పోర్ట్స్‌మత్ రేవుకు వెళితే కథ మారుతుంది. అక్కడికి కూడా రెండు గంటల ప్రయాణమే. సాయంకాలం ఓడ ఎక్కి, భోజనం చేసి, గదిలో నిద్రిస్తే మర్నాటి ఉదయం సెయింట్ మాలో రేవులోనే మెలకువ వస్తుంది. టిక్కెట్టు ధర ఎక్కువే. పైగా గది అద్దె అదనం. అయితే 500 కిలోమీటర్ల పెట్రోలు, ఫ్రెంచి రహదారుల సుంకం, దారిలో భోజనం, అలసిపోతే మధ్యలో ఒక రాత్రి హోటలు బస, ఇవన్నీ మొదటి మార్గం ఖర్చులో కలిపి చూసినప్పుడు ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. తిరుగు ప్రయాణానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. టిక్కెట్టు ధరను మాత్రమే పోల్చేవారికి ఈ లెక్క కనిపించదు.

గమ్యం మారితే తీర్పు కూడా మారుతుంది. బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ వెళ్ళేవారికి డోవర్ మార్గమే అనుకూలం. డోవర్ నుంచి డంకర్క్ రేవుకు వెళ్ళే ఓడ సుమారు రెండు గంటలు తీసుకుంటుంది కాని బెల్జియం సరిహద్దుకు మరింత చేరువలో దించుతుంది. పారిస్ వెళ్ళేవారికి న్యూహేవెన్ నుంచి దియెప్‌కు నాలుగు గంటల మార్గం ఉంది. నార్మండీకి పోర్ట్స్‌మత్ నుంచి కాన్, షెర్‌బూర్ రేవులకు వెళ్ళే ఓడలు తగినవి. ఇంగ్లండు నైరుతి మూలన నివసించేవారికి ప్లిమత్ నుంచి రోస్కాఫ్ మార్గం ఇంటి ముంగిట ఉన్నట్లే. ఇక ఉత్తర ఇంగ్లండువారు ఛానల్ వైపు రావలసిన అవసరమే లేకపోవచ్చు. హల్ నగరం నుంచి డోవర్ చేరాలంటే 400 కిలోమీటర్లకు పైగా నడపాలి. అక్కడివారు హల్‌లోనే రాత్రి ఓడ ఎక్కి ఉత్తర సముద్రం మీదుగా తెల్లవారేసరికి రోటర్‌డామ్ చేరుకోవచ్చు.

ప్లిమత్, రోస్కాఫ్ మార్గం పుట్టుక ఆసక్తికరమైనది. దానిని స్థాపించినవారు నౌకా వ్యాపారులు కారు, రైతులు. బ్రిటనీ రైతులు పండించిన కాలీఫ్లవర్, ఆర్టిచోక్ కూరగాయలకు బ్రిటన్‌లో గిరాకీ ఉన్నా పంపే దారి లేకపోయింది. ఉన్న నౌకా సంస్థలేవీ ముందుకు రాకపోవడంతో అలెక్సీ గూర్వెనెక్ అనే రైతు నాయకుని ఆధ్వర్యంలో వారే ఓడను సమకూర్చుకున్నారు. బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరిన మర్నాడు, అంటే 1973 జనవరి 2న, వారి మొదటి ఓడ రోస్కాఫ్ నుంచి ప్లిమత్‌కు బయలుదేరింది. కూరగాయల లారీల కోసం పుట్టిన ఆ సంస్థ ‘బ్రిటనీ ఫెర్రీస్’ పేరుతో నేడు పడమటి ఛానల్‌లో ప్రయాణికుల ఓడలను నడిపే ప్రధాన సంస్థ.

టిక్కెట్టు ధర నిర్ణయమయ్యే తీరు కూడా తెలుసుకోదగినది. ఓడలో స్థలమే సరకు. కాబట్టి కారు పొడవు, ఎత్తులను బట్టి రుసుము మారుతుంది. పైకప్పుపై సామాను పెట్టె బిగించినవారు, వెనుక సైకిళ్ళు కట్టినవారు ఆ కొలతలను కూడా కలిపి ముందే చెప్పాలి. చెప్పకుండా వచ్చి రేవులో అదనపు రుసుము చెల్లించడం తరచుగా జరిగే పొరపాటు. పాఠశాలల సెలవులలో, వారాంతపు ఉదయాలలో ధర పెరుగుతుంది. వారం మధ్యలో, అర్ధరాత్రి వేళల్లో తగ్గుతుంది. తక్కువ ధర టిక్కెట్లలో కొన్నింటికి తేదీ మార్చుకునే వీలు ఉండదు. పసిపిల్లలతో, వృద్ధులతో ప్రయాణించేవారు ఆ షరతును చదవకుండా కొనడం మంచిది కాదు.

వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పడమటి ఛానల్‌కు అట్లాంటిక్ అలలు నేరుగా తగులుతాయి. శీతకాలంలో అక్కడ ఓడ ఊగిసలాట ఎక్కువ. వాంతులు, తలతిప్పుడు బాధించేవారికి గంటన్నర మార్గమే సుఖం. తప్పనిసరిగా దూరపు మార్గంలోనే వెళ్ళవలసి వస్తే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో ఉండే గదిని కోరుకోవాలి. ఊయల చివరనున్నవారికి ఊపు ఎక్కువ, నడుమ ఉన్నవారికి తక్కువ కదా.

ఓడలోనికి కారు చేర్చిన వెంటనే దానికి బ్రేకు వేసి, గేరులో ఉంచి, అందరూ పై అంతస్తులకు వెళ్ళిపోవాలి. ప్రయాణం ముగిసేవరకు కార్ల అంతస్తులోనికి ఎవరినీ రానివ్వరు. కారులోనే పడుకుంటే గది అద్దె మిగులుతుంది కదా అని ఆలోచించేవారికి ఈ నిబంధన చికాకు కలిగిస్తుంది. అయితే కార్ల అంతస్తు ఓడ అంతటిలోనూ జాగ్రత్త అవసరమైన చోటు. సాధారణ ఓడ అడుగుభాగాన్ని అడ్డుగోడలతో అరలుగా విభజిస్తారు. ఒక అరలో నీరు చేరినా మిగిలినవి ఓడను తేల్చి ఉంచుతాయి. కార్లు ఒక కొస నుంచి మరొక కొసకు నడవాలంటే వాటి అంతస్తులో అడ్డుగోడలు ఉండరాదు. అటువంటి విశాలమైన అంతస్తులోనికి నీరు వస్తే, పళ్ళెంలోని నీటి వలె, ఓడ ఏ పక్కకు వాలితే ఆ పక్కకే పరుగెత్తి వాలును మరింత పెంచుతుంది.

1987 మార్చి 6 సాయంత్రం ఇదే జరిగింది. ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే ఫెర్రీ బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి డోవర్‌కు బయలుదేరింది. ఒక వార్తాపత్రిక ప్రకటించిన చౌక ప్రయాణ పథకాన్ని వినియోగించుకొని వచ్చినవారు ఆ ఓడలో చాలామంది ఉన్నారు. ముందువైపు తలుపులు మూయవలసిన ఉద్యోగి తన గదిలో నిద్రపోతున్నాడు. మూశారో లేదో సరిచూడవలసిన అధికారి వేళ మించుతున్నదన్న తొందరలో తన స్థానానికి వెళ్ళిపోయాడు. నాయకుడు నిలిచే చోటికి ఆ తలుపులు కనిపించవు. తెరచిన తలుపులతోనే ఓడ వేగం పుంజుకుంది. నీరు కార్ల అంతస్తులోనికి ఉరికింది. కొద్ది క్షణాలలోనే ఓడ పక్కకు ఒరిగిపోయింది. 193 మంది మరణించారు. తలుపులు మూసినదీ లేనిదీ తెలిపే దీపాలను నాయకుని ఎదుట అమర్చమని ఆ సంస్థ ఓడల అధికారులు అంతకుముందే కోరారనీ, యాజమాన్యం ఆ కోరికను తేలికగా తీసుకుందనీ విచారణలో వెల్లడైంది. ఒక దీపానికి అయ్యే ఖర్చు ఎంత! ఆ తరువాత అటువంటి దీపాలు తప్పనిసరి అయ్యాయి. 1994 సెప్టెంబరు 28న బాల్టిక్ సముద్రంలో ‘ఎస్తోనియా’ మునిగి 852 మంది మరణించిన పిదప, కార్ల అంతస్తులోనికి కొంత నీరు వచ్చినా ఓడ నిలదొక్కుకోవాలన్న నియమాన్ని ఉత్తర ఐరోపా దేశాలు చేసుకున్నాయి. నేటి ఫెర్రీలు ఆ నియమాల నీడలో నడుస్తున్నవే.

ఓడ ఎక్కడం ఇష్టం లేనివారికి సొరంగమార్గం ఉంది. 1994లో ప్రారంభమైన ఛానల్ సొరంగం పొడవు సుమారు 50 కిలోమీటర్లు. కారును రైలు పెట్టెలోనికి నడిపి, అందులోనే కూర్చుంటే సుమారు 35 నిమిషాల్లో కాలే దగ్గరకు చేరవచ్చు. అలలు లేవు, గాలివాన భయం లేదు. కాని ధర ఎక్కువగా ఉండవచ్చు. డ్రైవరుకు విశ్రాంతీ ఉండదు. కాలేలోనే దిగాలి కనుక, బ్రిటనీ వెళ్ళేవారికి ఆ 500 కిలోమీటర్లు అలాగే మిగిలి ఉంటాయి.

ప్రయాణపత్రాల విషయం రేవు ఎంపికతో ముడిపడి ఉంది. డోవర్‌లో ఓడ ఎక్కకముందే ఫ్రెంచి అధికారులు తనిఖీ చేస్తారు. పోర్ట్స్‌మత్ వంటి రేవుల నుంచి వెళ్ళేవారికి ఆ తనిఖీ ఫ్రాన్సులో దిగిన తరువాత జరుగుతుంది. 2020లో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగిన తరువాత ఈ తనిఖీలకు పట్టే సమయం పెరిగింది. ఐరోపా సమాఖ్యకు చెందనివారి వేలిముద్రలు, ఛాయాచిత్రాలు తీసుకునే పద్ధతి 2025 అక్టోబరు 12న మొదలై దశలవారీగా అమలులోకి వచ్చింది. కనుక సెలవు రోజుల్లో డోవర్ రేవుకు చేరేవారు ఆ వరుసల సమయాన్ని కూడా తమ లెక్కలో చేర్చుకోవాలి. బ్రిటన్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగు కుటుంబాలు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో నివసించే అనుమతి ఉన్నంతమాత్రాన ఫ్రాన్సులో ప్రవేశం లభించదు. భారత పాస్‌పోర్టు గలవారు షెంజెన్ వీసాను ముందుగానే పొందాలి. ఒకే కారులో బ్రిటిష్ పాస్‌పోర్టు గల పిల్లలూ, భారత పాస్‌పోర్టు గల తల్లిదండ్రులూ ఉంటే పిల్లలకు అక్కరలేని వీసా పెద్దలకు కావాలి. టిక్కెట్టు కొన్న తరువాత ఈ సంగతి గ్రహిస్తే నష్టం తప్పదు.

కారులో మెరిసే చొక్కాలు, హెచ్చరిక త్రిభుజం ఉండాలన్నది ఫ్రెంచి చట్టం. బ్రిటిష్ కారు దీపాలు ఎడమవైపుకు కాంతి ప్రసరిస్తాయి కనుక ఎదుటివారి కళ్ళలో వెలుగు పడకుండా వాటిపై పట్టీలు అతికించాలి లేదా దీపాలను సర్దుబాటు చేసుకోవాలి. ఓడ రేవు చేరగానే ప్రకటన వినిపిస్తుంది. అందరూ తమ కార్లలోనికి చేరుతారు. తలుపులు తెరుచుకొని, వాలు వంతెన మీదుగా కార్లు ఒక్కొక్కటిగా ఫ్రెంచి నేల మీదికి దిగుతాయి. కాలేలో దిగినవారికి కుడివైపు నడపమని గుర్తుచేసే పలకలు ఎదురవుతాయి. ఆ తరువాత కొంత దూరానికి సుంకం వసూలుచేసే గేట్లు వస్తాయి. అక్కడి యంత్రాలు ఎడమవైపు ఉంటాయి. బ్రిటిష్ కారులో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. పక్క సీటులో ఎవరైనా ఉంటే వారు చేయి చాచి చెల్లిస్తారు. ఒంటరిగా వెళ్ళేవాడు ప్రతి గేటు వద్దా కారు దిగి, చుట్టూ తిరిగి వెళ్ళాలి. బ్రిటనీ ప్రాంతపు రహదారులపై సుంకం లేదు. సెయింట్ మాలోలో ఓడ దిగినవారికి ఆ చిక్కు ఎదురు కాదు.